మైక్ తర్వాత కొందురు, ముందు ఫ్యాన్ ఆపండి

ప్రశ్న: "రాయగడలో ఉంటాను. తెలుగులో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలని ఉంది, అనుభవం లేదు. ఐదు వేలలోపు మంచి మైక్ ఏదో చెప్పండి. మా మాటల్లో ఒడియా కలిసిపోతుంది, జనం వింటారా?"

మాదీ ఒడిశాలోనే, బరంపురం. మా నాన్నది మైక్ సెట్ల అద్దె వ్యాపారం. పెళ్లిళ్లు, చవితి పందిళ్లు, ఎలక్షన్లు, ఏవి వచ్చినా మా వరండా నిండా హారన్లు, ఆంప్లిఫయర్లు, వైర్ల చుట్టలు. ఆ ఇంట్లో పెరిగినవాడిగా చెప్తున్నాను, ఇప్పుడే మైక్ కొనకండి. మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు.

మైక్ తన ముందున్నదాన్ని లోపలికి తీసుకుంటుంది, అంతే. గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే ఫ్యాన్‌నీ తీసుకుంటుంది. ఖరీదైనదైతే ఇంకా శ్రద్ధగా తీసుకుంటుంది. మా పెద్దమ్మ కొడుకు విశాఖలో ఎవరో షాపువాడి మాట నమ్మి కండెన్సర్ మైక్ తెచ్చుకున్నాడు. గోడలకి మెత్త వేసిన స్టూడియోలో వాడుకుంటే మంచి సరుకే. వాడి గది మాత్రం సందులోకి ఉంటుంది. మావాడు రికార్డు చేసిన మొదటి భాగంలో పక్కింటి కుక్కర్ విజిల్, వీధి చివర ఆటో, పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, వీటన్నిటి మధ్య వీడి ఉపన్యాసం. డైనమిక్ మైక్ అలా కాదు, నోటికి దగ్గరగా ఉన్నదాన్నే ఎక్కువగా పట్టుకుంటుంది. నాన్న పెళ్లిళ్లకి ఇచ్చినవి అవే. పురోహితుడు మైక్‌ని కాస్త పక్కకి పెట్టి సంభావన గురించి బేరమాడినా పందిట్లో ఎవరికీ వినపడేది కాదు.

అందుకని మైక్ బడ్జెట్ పక్కన పెట్టి, ముందు గది చూసుకోండి. ఖాళీ గోడలు, గచ్చు నేల ఉన్న గది గొంతుని తిప్పికొడుతుంది, బావిలోంచి మాట్లాడినట్టు వస్తుంది. పరుపు, దుప్పట్లు, తలుపులు తీసి ఉంచిన బట్టల బీరువా ఉన్న పడగ్గది మేలు. ఫోన్ నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కాస్త పక్కగా పెట్టండి. సూటిగా పెడితే ప, ఫ, బ, భ అన్నప్పుడల్లా గాలి తగిలి బుస్సుమంటుంది. ఏరోప్లేన్ మోడ్ మరచిపోవద్దు. ఫ్యాన్ ఆపండి. ఎండాకాలంలో మన వైపు ఇది ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఆపండి.

ఫోన్ చాలని ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నా దగ్గరున్న రుజువు ఒకే ఒక్క సాయంత్రం. నాకది చాలు.

మా వీధిలో ఒక పెద్దాయన, వరసకి మావయ్య. పట్టు నేసేవాడు. బరంపురం పట్టు చీర చూసే ఉంటారు, అంచు పొడుగునా గుడి గోపురాల్లా లేచే ఫోడా ఉంటుంది, ఈ ఊరి సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది. మోకాళ్లు మొరాయించాక ఆయన మగ్గం దిగిపోయాడు గానీ, అరుగు మీద కూర్చుంటే నోరు ఆగదు. ఆ మాటలు రికార్డు చేద్దామని ఒక వేసవి సాయంత్రం వెళ్లాను. చూస్తే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని రెడీగా ఉన్నాడు. అక్కడే నాకు అనుమానం వచ్చింది.

కిటికీలు మూశాం, ఫ్యాన్ ఆపాం. ఫోన్ స్టూలు మీద పెట్టి బటన్ నొక్కాను. మావయ్య గొంతు సవరించుకుని, "శ్రోతలందరికీ నమస్కారములు. నేత వృత్తి అనునది మన ప్రాచీన సంస్కృతి యందు..." అని ఎత్తుకున్నాడు.

ఆయన నోట "అనునది" నేనెప్పుడూ వినలేదు. "మావయ్యా, రోజూ అరుగు మీద చెప్పినట్టే చెప్పు" అన్నాను. "ఊరుకోరా, పదిమంది వినేది" అని మళ్లీ "యందు" దగ్గరికే వెళ్లాడు. ఈలోగా అత్త వచ్చి, "ముసలాయన ఉక్కకి పడిపోతే ఎవుడిది పూచీ?" అని ఫ్యాన్ వేసి వెళ్లింది. నేను ఆపాను. మళ్లీ వేసింది. పక్కింట్లో గ్రైండర్ మొదలైంది. ఆ గోలలో మావయ్య సంస్కృతి యందే ఉన్నాడు.

అప్పుడు కరెంటు పోయింది.

వీధిలో కరెంటు పోతే ఏం జరుగుతుందో అంత శ్రద్ధగా నేనెప్పుడూ వినలేదు. అన్ని ఇళ్ల ఫ్యాన్లు, కూలర్లు, టీవీలు, నీళ్ల మోటార్లు, గ్రైండర్ ఒక్కసారి ఆగిపోయాయి. నాన్న లక్షలు పోసినా అలాంటి గది కట్టలేడు. మావయ్య లెక్కలో కరెంటు పోతే రికార్డింగూ పోయినట్టే. "అయిందిలే" అని చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, తుండుగుడ్డ భుజాన వేసుకుని, విసనకర్ర అందుకున్నాడు. ఫోన్‌కి బ్యాటరీ ఉందని నేను చెప్పలేదు.

ఇక చూడండి. చిన్నప్పుడు మగ్గం మీద కూర్చుని కునికితే ముందు గదిలో ఉన్న వాళ్ల నాన్నకి ఎలా తెలిసిపోయేదో చెప్పాడు. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు లెక్క తప్పగానే లోపలి నుంచి "ఏటిరా, నిద్దరా?" అని కేక. దాంతో ఈయన నేత ఆపేసి ఉత్తి చప్పుడు చెయ్యడం నేర్చుకున్నాడట. నోటితో టక్కుటక్కుమని ఆ చప్పుడు చేసి చూపించాడు కూడా. అక్కడి నుంచి మాట ఠాకురాణి యాత్రకి మళ్లింది. మా ఊళ్లో రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణిని గుడి నుంచి దేశీ బెహెరా వీధిలో ఆమె పుట్టింటికి తీసుకొస్తారు, నెల రోజుల పండగ, ఊరంతా వేషాలు. ఆయన పులి వేషం కట్టిన ఏడు ఒంటి రంగు వదలక కిరసనాయిలుతో రుద్దితే చర్మం మండిపోయిందట. అలా పసుపు చారలతోనే మర్నాడు పెళ్లిచూపులకి వెళ్లాడట. "అయినా ఒప్పుకుంది" అని లోపలికి చూశాడు. లోపల్నుంచి అత్త ఏదో అంది, అదీ రికార్డులో ఉంది, ఇక్కడ రాయలేను. తెలుగులో ఒడియా ఎక్కడ చేరిందో, ఎక్కడ దిగిపోయిందో ఆయనకీ తెలీదు, నాకూ తెలీలేదు.

కరెంటు వచ్చింది. వీధి పిల్లలంతా హోయ్ అని అరిచారు. మావయ్య లేచి చొక్కా తొడుక్కుని గుండీలు పెట్టుకుంటూ, "ఆఁ, కరెంటొచ్చింది, మొదలెట్టరా" అన్నాడు.

మర్నాడు మొత్తం వినిపించి అడిగాను. ఒకరి కుటుంబం గురించి అన్న రెండు మాటలు తీసెయ్యమన్నాడు, తీసేశాను. మీరు కూడా ఎవరి గొంతు ఎక్కించినా ముందు వాళ్లకి వినిపించండి. మనవి చిన్న ఊళ్లు, మాట తిరిగి గుమ్మం దగ్గరికే వస్తుంది. "సంస్కృతి యందు" భాగం మాత్రం ఆయన ఎంత బతిమాలినా పెట్టలేదు.

ఇక యాస సంగతి. మాటల్లో ఒడియా కలిస్తే వింటారా అని మీరు అడగడంలోనే మీకు టీవీ యాంకర్ల జబ్బు అంటుకుంటోందని నా అనుమానం. బరంపురంలో పుట్టి, బజార్లో రోజంతా ఒడియా తెలుగు కలిపి మాట్లాడే కుర్రాళ్లు రికార్డు బటన్ నొక్కగానే "హాయ్ గైస్, వెల్‌కమ్ బ్యాక్" అంటారు. మొదటి భాగానికే వెల్‌కమ్ బ్యాక్ ఏమిటో! బడి పుస్తకాల్లో గ్రాంథికం వద్దు, జనం మాట్లాడే తెలుగు కావాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఇవాళ పర్లాకిమిడి ఒడిశాలో ఉందని వేదికలెక్కేవాళ్లకి గుర్తుండదు, అది వేరే బాధ.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి గంజాం, కోరాపుట్ ప్రాంతాలు ఇటు వచ్చేశాయి. ఆ తర్వాత పిల్లల చదువులు ఒడియాలోకి మారాయి. మా ఇంట్లోనే చూడండి. మా పిల్లలు తెలుగులో పోట్లాడుకుంటారు, తెలుగులో అలుగుతారు. తెలుగు అక్షరాలు మాత్రం రావు. మా చెల్లెలికీ రావు. తెలుగు పేపరు, తెలుగు పుస్తకం, ఈ జవాబు కూడా వాళ్లకి పనికిరావు. గొంతయితే పనికొస్తుంది. హైదరాబాద్‌లో పాడ్‌కాస్ట్ కాలక్షేపం కావచ్చు. మన దగ్గర తెలుగు చెవి ఉండి తెలుగు కన్ను లేనివాళ్లు వీధికొకరున్నారు. మీ శ్రోతలు వాళ్లే, వాళ్ల మాటల్లోనూ ఒడియా కలిసే ఉంటుంది. ఇంక మీకు టెన్షన్ దేనికి?

ఇంటర్వ్యూలతో మొదలుపెట్టకండి. మావయ్యతో జరిగింది కరెంటు పుణ్యం, రోజూ పోదు కదా. ఎదుటివాడు చెప్పేది వింటూ, తర్వాతి ప్రశ్న ఆలోచిస్తూ, ఫోన్ వైపు ఓ కన్నేసి ఉంచడం మొదట్లో ఎవరివల్లా కాదు. ముందు మీరొక్కరే ఓ పది నిమిషాలు, మీకు బాగా తెలిసిన ఒక్క సంగతి చెప్పండి. రెండు గంటలు సోఫాలో కూర్చుని ఒకరినొకరు పొగుడుకునే వీడియోలని పాడ్‌కాస్ట్ అనడం మొదలైన దగ్గర్నుంచీ ఆ మాటంటేనే జనం భయపడుతున్నారు. ఇక పాడ్‌కాస్ట్ నేర్పిస్తామని వేలకి వేలు ఫీజు అడిగే వాట్సాప్ కోర్సులు. వాటికి కట్టే డబ్బుతో మీ గదికి మందపాటి పరదాలు కుట్టించుకోవచ్చు.

మిగతాదంతా పెద్ద విద్య కాదు. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. రికార్డింగ్ మొదట్లో కాసేపు ఏమీ మాట్లాడకుండా గది చప్పుడు ఒక్కటే పట్టుకుంటే, దాన్ని నమూనాగా చూపించి నాయిస్ రిడక్షన్‌తో ఆ హోరు తగ్గించవచ్చు. మరీ ఎక్కువ తగ్గిస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. ఫైల్‌ని మోనోలో, అంటే ఒకే చానెల్‌లో, 64 కేబీపీఎస్ ఎంపీ3గా తీయండి. అరగంట మాటకి దాదాపు 14 ఎంబీ అవుతుంది. గుణుపురం దాటి కొండల్లోకి వెళ్లాక సిగ్నల్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, అక్కడ ఫైల్ బరువే మీ రేటింగ్. ముఖచిత్రం చదరంగా, ఒక్కో వైపు 3000 పిక్సెళ్లు ఉంటే మంచిది. సినిమా పాటల ముక్కలు పెట్టకండి, కాపీరైట్ కింద తీసేస్తారు.

ఎక్కించడానికి స్పాటిఫై ఫర్ క్రియేటర్స్ ఉచితం. అక్కడ మీకొక ఆర్ఎస్ఎస్ లింకు వస్తుంది, దాన్ని ఆపిల్ లాంటి మిగతా చోట్ల ఇస్తే కొత్త భాగాలు వాటంతటవే చేరతాయి. ఈ లింకు విలువ తెలియాలంటే గూగుల్ పాడ్‌కాస్ట్స్ సంగతి గుర్తుచేసుకోండి. ఆ యాప్ 2024లో మూతపడింది. లింకు చేతిలో ఉన్నవాళ్ల కార్యక్రమాలు మిగతా యాప్‌లలో నడుస్తూనే ఉన్నాయి. అసలు రికార్డింగులు మాత్రం మీ దగ్గర ఒక హార్డ్ డిస్క్‌లో దాచుకోండి.

మన వైపు వినేవాళ్లలో ఎక్కువమంది యాప్‌ల జోలికి వెళ్లరు. ఎంపీ3 ఫైల్‌ని నేరుగా వాట్సాప్‌లో పంపితేనే వింటారు. ఆ ఫైల్ పేరు, ఎపిసోడ్ శీర్షిక తెలుగు లిపిలోనూ ఒడియా లిపిలోనూ రాయండి. నేను మొదట్లో తెలుగులోనే పెడితే మా చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, నువ్వు పంపినదాంట్లో పులి వేషం ఏది, మగ్గం ఏది? అన్నీ ఒకేలా ఉన్నాయి" అంది. ఇప్పుడు ఒడియాలో కూడా పెడుతున్నాను, వెతుక్కుని మరీ వింటోంది. మీకు ఒడియా టైపింగ్ అలవాటు లేకపోతే ఇంట్లో బడికెళ్లే పిల్లల్ని అడగండి, వాళ్లకి వచ్చు.