కమర్షియల్ కోర్టు ప్రాక్టీసు: కోర్సు కొనాలా, సీనియర్ దగ్గర చేరాలా?

ప్రశ్న: మా అబ్బాయి లా నాలుగో ఏడాది. వ్యాపార తగాదాలు విచారించే కమర్షియల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తానంటున్నాడు. అక్కడంతా ఆన్‌లైనే గనక డెబ్బై వేలు కట్టి లీగల్ టెక్ కోర్సు చేయించమని ఒకరు, ఎల్‌ఎల్‌ఎం (లాలో పీజీ) అని ఇంకొకరు. మా బావమరిది కొడుకు సాఫ్ట్‌వేర్‌లో నెలకు లక్ష తెస్తున్నాడు. ఏది మేలు? - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, మీరడిగింది కోర్సు గురించి. మీ బెంగ మాత్రం వాడు ఇంటికి డబ్బెప్పుడు తెస్తాడని. మొదటి రెండు మూడేళ్లు పెద్దగా తేడు. నగరాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని లాయర్ల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో చెప్పింది. అది సూచనే, ఇచ్చి తీరాలని లేదు. అందుకే ఆ డెబ్బై వేలు వాడి గది అద్దెకు దాచండి.

ఆ కోర్సు మీద నాకు నమ్మకం లేదు. ఈ-ఫైలింగ్‌లో ఏ ఫైలు ఎక్కడ ఎక్కించాలో ఆఫీసు గుమాస్తా వారంలో నేర్పుతాడు. కేసు చెడేది గడువుల దగ్గర.

ఒక మిర్చి వ్యాపారికి సరుకు బాపతు 8 లక్షలు రావాలనుకోండి. కమర్షియల్ దావాకు కోటి ఉన్న కనీస విలువను 2018లో 3 లక్షలకు దించారు కాబట్టి ఇది అక్కడికే వెళ్తుంది. అత్యవసర ఉత్తర్వు అక్కర్లేకపోతే ముందు కమర్షియల్ కోర్టుల చట్టం 12ఎ సెక్షన్ కింద న్యాయసేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వానికి దరఖాస్తు పెట్టాలి. దానికి గడువు మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు. అది ఎగ్గొట్టి దావా వేస్తే ప్లెయింటే (దావా పత్రమే) తిరస్కరిస్తారు. తప్పనిసరని సుప్రీంకోర్టు 2022లో తేల్చేసింది. ప్రతివాదికి సమన్లు అందిన 30 రోజుల్లో రిటెన్ స్టేట్‌మెంట్ (అతని రాతపూర్వక జవాబు) పడాలి. కారణం చూపి, ఖర్చులు కట్టి 120 రోజుల దాకా లాగొచ్చు. 121వ రోజు జడ్జిగారికి జాలి కలిగినా తీసుకోలేరు. మామూలు సివిల్ కోర్టులో వాయిదాలకు అలవాటుపడ్డ సీనియర్లూ ఇక్కడే బోల్తా పడతారు.

ఇక సాక్ష్యం. బేరమంతా వాట్సాప్‌లోనే నడిచి ఉంటుంది. స్క్రీన్‌షాట్లు ప్రింటు తీసి కుట్టేస్తే చాలదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి: 'ఎ' భాగం పార్టీ, 'బి' భాగం నిపుణుడు ఇవ్వాలి, రెండింటిలోనూ హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. ఆ వ్యాపారి ఈలోగా ఫోను ఫార్మాట్ చేయించేస్తే హాష్ దేనికి తీస్తారు? అందుకే క్లయింటు వచ్చిన రోజే అడగాల్సిన మాట: ఫోను ఎక్కడుంది? ఈ జాగ్రత్త పది కేసుల కట్టలు తిరగేస్తేనే అలవడుతుంది.

ఎల్‌ఎల్‌ఎం అంటారా, పాఠం చెప్పాలనుకుంటే చేయించండి. ప్రాక్టీసుకు తొందరేం లేదు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025లో సుప్రీంకోర్టు మళ్లీ పెట్టింది గనక, మీరు వృథా అనుకునే ఆ ఏళ్లు అటూ పనికొస్తాయి. కాబట్టి కంగారు పడకండి.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో బావమరిది కొడుకు జీతం ఉంది గానీ, మీవాడు ఒక్కసారైనా కోర్టు హాల్లో కూర్చున్నాడా లేదా అన్నది లేదు. ముందు వాణ్ని అడగండి. విజయవాడలోనూ విశాఖలోనూ ప్రత్యేక కమర్షియల్ కోర్టులున్నాయి. ఈ సెలవుల్లో అక్కడ ప్రాక్టీసు చేసే ఒకరి దగ్గరికి నెల రోజులు పంపండి. చేరేముందు మీవాడు ఆయన్ని అడగాల్సింది ఒకటే: జూనియర్ల చేత ప్లెయింట్లు రాయిస్తారా, వాయిదాలు రాసుకు రమ్మని పంపిస్తారా?