కొండ కింద పల్లెల్లో వానను ముందే చెప్పే గుర్తులు నిజంగా పనిచేస్తాయా?

చీమలు, గాలి, చంద్రుడి చుట్టూ గుడి చూసి వాన చెప్పడం వట్టి నమ్మకమేనా అని మీరు అడిగారు. కాదు. అయితే అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. నేను నెల్లూరు జిల్లా ఉదయగిరి ప్రాంతంలో, వెలికొండల కింద పెరిగాను. మా తాత గొర్రెలు కాసేవారు. ఆయన చూపించిన గుర్తుల్లో గాలిని, తేమను పసిగట్టేవాటిని ఈనాటికీ నమ్ముతాను. ఏడాది పంటను ముందే చెబుతామనేవాటిని నమ్మను.

తాత అన్నిటికంటే ముందు గాలినే చూసేవారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాకు పడమటి గాలి. అది పడమటి కనుమల్లోనే తేమ చాలావరకు దించేసి, రాయలసీమ దాటి పొడిగా వస్తుంది. మధ్యాహ్నం దాటాక ఆ గాలి ఆగిపోయి, ఉక్కపోసి, తూర్పు నుంచి చల్లగా తగిలితే మందను దొడ్డికి మళ్లించమనేవారు. సముద్రపు గాలి వచ్చి పడమటి వేడిగాలిని ఢీకొన్న చోట ఉరుముల మబ్బు లేస్తుంది. ఆ శాస్త్రం ఆయన చదవలేదు గానీ, గాలి మళ్లిన క్షణం ఒంటికి తెలిసేది.

అక్టోబరు వచ్చాక లెక్క పూర్తిగా మారుతుంది. ఈశాన్యపు గాలి బంగాళాఖాతం తేమను మోసుకొచ్చి వెలికొండల తూర్పు వాలుకు తగిలి పైకి లేస్తుంది. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. ఆ రోజుల్లో ఉదయగిరి దుర్గం పొద్దెక్కినా మబ్బులోంచి తేలకపోతే మా ఊళ్లో ఎవరూ కళ్లంలో గింజలు ఆరబోసేవారు కాదు.

అవ్వ మాత్రం ఉప్పు కుండ చూసేది. కల్లుప్పు చెమర్చితే పిడకలు లోపల పెట్టించేది. ఇది గట్టి గుర్తే. గాలిలో తేమ 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పు కూడా నీరు కారుతుంది. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి కాబట్టి అంతకంటే ముందే చెమ్మగిల్లుతుంది. చీమలు గుడ్లు మోసుకుని మెట్టకు ఎక్కడం, తూనీగలు నేలకు దగ్గరగా ఎగరడం కూడా చూసేవాళ్లం. కానీ వాటిని ఒంటరిగా నమ్మేవాళ్లం కాదు, గాలితో కలిపి చూస్తేనే లెక్క.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వరదగుడి, అంటే చంద్రుడి చుట్టూ కట్టే వలయం. దూరపు గుడి కడితే దగ్గర్లో వాన, దగ్గర గుడి కడితే దూరాన వాన అంటారు. చేయి పూర్తిగా చాచి జాన పట్టండి. చంద్రుడి నుంచి ఇంచుమించు ఆ జానంత దూరాన వలయం ఉంటే అది దూరపు గుడి, అంటే 22 డిగ్రీలు. చాలా ఎత్తున పరుచుకున్న పల్చటి మబ్బులోని మంచు పలుకుల్లో వెలుగు వంగడం వల్ల అది ఏర్పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం లేచినప్పుడు అలాంటి మబ్బు ముందుగా వచ్చి ఆకాశమంతా కమ్ముకుంటుంది. అందుకే నవంబరులో ఆ గుడి కనిపిస్తే మాకు ఒకటి రెండు రోజుల్లో వాన అని జాగ్రత్తపడటంలో అర్థం ఉంది. వేసవిలో కనిపిస్తే అంత విలువ ఇవ్వను.

ఇక కార్తెలు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అనే సామెత మీరూ వినే ఉంటారు. సెప్టెంబరు మధ్యలో వచ్చే ఉత్తర కార్తెలోనూ చినుకు లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని వలస పొమ్మని దాని అర్థం. నైరుతి వాన మీదే బతికే మెట్ట ఊళ్లకు అది నిజం. మాకు అసలు వాన ఆ తర్వాత హస్త, చిత్త, స్వాతి కార్తెల్లోనే మొదలవుతుంది. ఉత్తరలో గంప ఎత్తినవాడు మా కొండ కింద తొందరపడ్డట్టే. ఏ సామెత ఏ నేలదో చూడకుండా సేకరిస్తే లాభం లేదని అందుకే అంటున్నాను.

ఒక్క విషయంలో మాత్రం దయచేసి ఈ గుర్తుల మీద ఆధారపడకండి. అవి మన తల మీది ఆకాశాన్నే చెబుతాయి, ఏటిని చెప్పవు. 2021 నవంబరులో కడప వైపు కుండపోతగా కురిసింది. పెన్నాలో కలిసే చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పెన్నా పొంగి నెల్లూరు జిల్లా ఊళ్లను ముంచింది. కొండకు అవతల పడ్డ వానను మన ఇంటి ఉప్పు కుండ ఎలా చెబుతుంది? కొండ వాగులూ అంతే, కింద ఎండ కాస్తుండగానే ఉరికివస్తాయి. పిడుగుల సంగతికి దామిని యాప్ పెట్టుకోండి. వాయుగుండం ఉందంటే వాతావరణ శాఖ హెచ్చరిక వినండి. గొర్రెలు కాసే పిల్లలకూ అదే చెబుతున్నాను.

మీరు ఈ గుర్తులు రాసిపెట్టాలనుకుంటే, చెప్పిన పెద్దలను ఏ నెలలో, కొండకు ఏ పక్కన చూశారో కూడా అడగండి. మా వైపు గొర్రెల కాపరుల్లో ఇవి తెలిసినవారు ఇంకా ఉన్నారు.