యూరప్ క్రైస్తవ మఠాలు: మీ ప్రశ్నలకు మాస్టారి జవాబులు

విశాఖపట్నంలో చాలాకాలం ఆర్కిటెక్చర్ చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఈ శీర్షికలో మీ ప్రశ్నలకు జవాబులిస్తారు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ యూరప్ మఠాల గురించే.

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తోంది. మే నెలలో మేమిద్దరం వెళ్తున్నాం. దగ్గర్లోనే మౌల్‌బ్రోన్ మఠం ఉందట, చూపిస్తానంటోంది. చర్చి చూసొస్తే చాలా, ఇంకేమైనా చూడాలా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: చర్చి ఒక్కటే చూసి వచ్చేయకండమ్మా. మౌల్‌బ్రోన్ అదృష్టమే దాని మిగతా గదులు. 1147లో మొదలైన ఆ మఠంలో ప్రహరీ గోడ, భోజనశాల, గిడ్డంగులు, పొలాలకు, చేపల పెంపకానికి నీళ్లు మళ్లించుకున్న చెరువులు, కాలువలు దాదాపు అన్నీ నిలబడి ఉన్నాయి. అందుకే 1993లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది.

వెళ్లేముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఈ మఠాలను కట్టించింది అక్కడి దినచర్య. ఇటలీలో 529 ప్రాంతంలో మాంటే కాసినో కొండ మీద బెనెడిక్ట్ మఠం పెట్టి, సన్యాసులు ఎలా బతకాలో 73 అధ్యాయాల్లో రాశాడు. పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి ప్రార్థన. మధ్యలో ఒళ్లొంచి పని, చదువు. తర్వాత పశ్చిమ యూరప్‌లో లేచిన మఠాలు చాలావరకు ఈ టైమ్‌టేబుల్‌కి సరిపోయేలా కట్టినవే. రాత్రి చలిలో లేచి ప్రార్థనకు వెళ్లాలి కాబట్టి పడక హాలును చర్చికి ఆనించి మేడ మీద పెట్టారు. అక్కణ్నుంచి నేరుగా చర్చిలోకి మెట్లు. ఇంగ్లండ్‌లో హెక్సమ్ చర్చిలో ఆ రాత్రి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, పాదాల రాపిడికి అరిగిపోయి.

అన్నిటికీ మధ్యలో క్లాయిస్టర్ ఉంటుంది. పైన ఆకాశం కనిపించే చదరపు ఖాళీ, చుట్టూ నాలుగువైపులా కప్పున్న నడవా. మన పాత మండువా లోగిలి గుర్తు తెచ్చుకోండి, చప్పున అర్థమవుతుంది. చదువు, నడక, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవడం, అన్నీ ఈ నడవాలోనే. చలి దేశాల్లో మామూలుగా దీన్ని చర్చికి దక్షిణాన కడతారు, చర్చి ఎత్తు గోడ నీడ పడకుండా ఎండ వస్తుందని. మౌల్‌బ్రోన్‌లో మాత్రం ఉత్తరాన ఉంటుంది. అక్కడ నిలబడి దిక్కులు చూసుకోండి. నడవాలో భోజనశాల గుమ్మానికి ఎదురుగా ఫౌంటెన్ ఉన్న చిన్న గది కనిపిస్తుంది. తినేముందు చేతులు కడుక్కునే చోటు అది. వెచ్చగది కూడా వదలొద్దు. కింద గదిలో మంట పెడితే నేలలోని రంధ్రాల్లోంచి వేడి పైకి వచ్చేది.

ఇంత చక్కగా ఎలా మిగిలిందంటే, బడి వల్ల. ప్రొటెస్టెంట్ మార్పు వచ్చాక 1556లో అక్కడి డ్యూక్ దాన్ని పాఠశాలగా మార్చాడు. గ్రహాల కక్ష్యల లెక్క తేల్చిన కెప్లర్ అక్కడే చదువుకున్నాడు. పిల్లలు చదువుతున్న కట్టడాన్ని ఎవరూ రాళ్ల కోసం కూల్చరు కదా.

ప్రశ్న: స్టీల్ ప్లాంట్‌లో రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. సన్యాసులు పొద్దస్తమానం ప్రార్థనలో ఉంటే అంతంత కట్టడాలకు డబ్బు ఎక్కడిది మాస్టారూ?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీలాంటివారు తప్పకుండా చూడాల్సిన చోటు ఒకటుంది సార్. ఫ్రాన్స్‌లోని బుర్గుండీలో ఫోంటెనే మఠం. 1118లో క్లేర్‌వో మఠాధిపతి బెర్నార్డ్ స్థాపించాడు. అక్కడ చర్చితో పాటు ఒక ఇనుప కార్ఖానా ఉంది! సుమారు 53 మీటర్ల పొడవైన రాతి షెడ్డు. దగ్గర్లోని గుట్టలో ఇనుప ఖనిజం తవ్వేవారు. వాగును మళ్లించి, ఆ నీటితో చక్రం తిప్పి, చక్రంతో సమ్మెట లేపి ఇనుము కొట్టేవారు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి సంగతి ఇది.

డబ్బు విషయానికొస్తే, మొదటి దన్ను భూములు. తమ ఆత్మల కోసం ప్రార్థించమని ప్రభువులు పొలాలు, అడవులు రాసిచ్చేవారు. బెర్నార్డ్ వర్గం, అంటే 1098లో ఫ్రాన్స్‌లోని సీతో మఠంలో మొదలైన సిస్టర్షియన్లు, మన కష్టంతో మనమే బతకాలన్న పట్టుదల ఉన్నవాళ్లు. పొలం పనికి, కొలిమి పనికి దీక్ష తీసుకున్న శ్రామిక సోదరులు వేరే ఉండేవారు. వాళ్లకు పశ్చిమం వైపు విడి భవనం. ఇంగ్లండ్‌లో ఉన్ని అమ్మి సంపాదించారు. ఏడాదికోసారి మఠాధిపతులంతా సీతోలో కలిసేవారు. 12వ శతాబ్దం చివరికి వాళ్ల మఠాలు 500 దాటాయి. ఎక్కడ చూసినా ఒకే తరహా ప్లాను కనిపించడానికి ఆ సమావేశాలు పెద్ద కారణం.

నన్నడిగితే యూరప్ మఠాలన్నిటిలో ఫోంటెనేయే గొప్పది. 1147లో పోప్ మూడో యూజీనియస్ ప్రతిష్ఠ చేసిన ఆ చర్చికి గోపురం లేదు, బొమ్మలు లేవు, రంగుల అద్దాలు లేవు. స్తంభాల మీద వింత జంతువుల్ని చెక్కితే సన్యాసి కళ్లు పుస్తకం మీద నిలవవని బెర్నార్డ్ వాదన. ఉన్నవి రాయి, వెలుతురు, రెండే. ఆస్ట్రియాలోని మెల్క్ మఠం బంగారు మెరుపు కోసం బస్సుల నిండా జనం వెళ్తారు. దాని ఆర్కిటెక్ట్ యాకోబ్ ప్రాండ్‌టావర్ పనితనానికి నేనూ చేతులెత్తి దండం పెడతాను. కానీ మనసు మాత్రం ఫోంటెనే దగ్గరే ఉండిపోతుంది.

ప్రశ్న: మొన్న కాలేజీ నుంచి తొట్లకొండ వెళ్లాం. అక్కడ కూడా ముంగిలి చుట్టూ గదులున్నాయి. యూరప్‌వాళ్లు మన బౌద్ధ విహారాలను చూసి కట్టారా సార్?
– ఆర్కిటెక్చర్ విద్యార్థి, మధురవాడ

జవాబు: కట్టలేదు బాబూ. క్రైస్తవ సన్యాసం పుట్టింది ఈజిప్టు ఎడారుల్లో. 320 ప్రాంతంలో పకోమియస్ అక్కడ సామూహిక మఠం పెట్టాడు, ఆ పద్ధతి గాల్‌కు (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం), ఇటలీకి పాకింది. చదరపు క్లాయిస్టర్ స్పష్టంగా కనిపించే పాత చిత్రం 9వ శతాబ్దం మొదట్లో గీసిన సెయింట్ గాల్ ప్లాను. ఐదు తోలు ముక్కలు కలిపి కుట్టి, ఎర్ర సిరాతో గీశారు. చర్చి, ఆస్పత్రి, కోళ్లగూడు, మరుగుదొడ్లు కూడా ఉన్నాయి అందులో! ఆ తోలు వెనక వైపు తర్వాత ఎవరో సెయింట్ మార్టిన్ జీవితకథ రాసుకున్నారు. ఇప్పటికీ స్విట్జర్లాండ్‌లోని ఆ మఠం లైబ్రరీలోనే ఉంది.

నీ పరిశీలన మాత్రం మంచిదే, దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లు. తొట్లకొండలో ఒక్కో భిక్షువుకు ఒక్కో గది. బెనెడిక్ట్ మఠాల్లో అందరూ ఒకే హాల్లో పడుకునేవారు. మన విహారానికి నిజంగా దగ్గరగా వచ్చేవాళ్లు కార్తూజియన్లు. 1084లో బ్రూనో ఆల్ప్స్ కొండల్లో మొదలుపెట్టిన వర్గం. నడవా చుట్టూ ఒక్కొక్కరికీ ఒక చిన్న ఇల్లు, దానికో పెరడు. భోజనం గోడలోని కిటికీలోంచి అందుతుంది. ఇద్దరి ప్లాన్లూ పక్కపక్కన గీసి చూడు. తొట్లకొండ బండలో తొలిచిన నీటి తొట్లనూ గీయి. కొండ మీద వానాకాలపు నీళ్లు దాచుకోవాలి, యూరప్ లోయల్లో వాగు ఎప్పుడూ పారుతుంది. రెండు ప్లాన్లలో తేడాలు అక్కణ్నుంచే మొదలవుతాయి.

ప్రశ్న: ఫొటోల్లో ఇంగ్లండ్ మఠాలకు కప్పులే ఉండవు. యుద్ధాల్లో కూలాయా?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: అక్కడ యుద్ధం కాదు, రాజాజ్ఞ. పోప్‌తో తెగతెంపులు చేసుకున్న ఎనిమిదో హెన్రీ 1536 నుంచి 1540 లోపు దేశంలోని సుమారు 800 మఠాలను మూయించి ఆస్తులు లాక్కున్నాడు. కప్పుల మీది సీసానికి మంచి ధర ఉండేది, ఒలిచి కరిగించారు. కప్పు పోయాక వాన ఊరుకుంటుందా! 1539లో మూతపడ్డ ఫౌంటెన్స్ మఠంలో గిడ్డంగి కమానులు మాత్రం ఇంకా వరసగా నిలిచే ఉన్నాయి.

ఫ్రాన్స్‌లో క్లూనీ మఠం కథ నాకు మరీ బాధ కలిగిస్తుంది. 1088లో మొదలుపెట్టిన మూడో చర్చి సుమారు 187 మీటర్ల పొడవు. రోమ్‌లో ఇప్పటి సెయింట్ పీటర్స్ కట్టేదాకా క్రైస్తవ ప్రపంచంలో అంత పెద్ద చర్చి లేదు. విప్లవం తర్వాత 1798లో అమ్మేశారు, కొన్నవాళ్లు రాళ్ల క్వారీలా వాడుకున్నారు. ఇప్పుడు దక్షిణం వైపు అడ్డంగా చాచిన ఒక చేయిలాంటి భాగం, దాని మీది గోపురం, ఇంకొన్ని ముక్కలు మిగిలాయి. మాంటే కాసినో ఒక్కటీ నిజంగా యుద్ధంలో పోయింది. 1944 ఫిబ్రవరిలో మిత్రపక్షాల బాంబులకు నేలమట్టమైంది. పాత రూపంలోనే మళ్లీ కట్టి, 1964లో ప్రతిష్ఠ చేశారు.

ప్రశ్న: గ్రీస్ మఠాలకు ఆడవాళ్లను రానివ్వరట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: ఆథోస్ కొండ మీది 20 మఠాలకు స్త్రీలు వెళ్లకూడదు, ఆ నియమం ఇప్పటికీ ఉంది. మగవాళ్లకైనా ముందుగా పర్మిట్ కావాలి. మెటియోరాకు మాత్రం మీరు నిశ్చింతగా వెళ్లొచ్చు. నిట్టనిలువు రాతి స్తంభాల మీద కట్టిన మఠాల్లో ఆరింటిలో ఇప్పటికీ సన్యాసులు, సన్యాసినులు ఉంటున్నారు. పూర్వం మనుషుల్ని వలలో కూర్చోబెట్టి పైకి లాగేవారు, ఇప్పుడు మెట్లున్నాయి. స్కర్టు గానీ పొడుగు గౌను గానీ వేసుకోవాలంటారు, భుజాలు కప్పుకోవాలి. మెట్లు చాలా ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులుంటే రోజుకు ఒకటి రెండు మఠాలకు మించి పెట్టుకోకండి.