మార్జినల్ కోతకు గుర్తు మృదులాస్థి అంచు, నాసికా రంధ్రపు అంచు కాదు

ఓపెన్ రైనోప్లాస్టీలో (ముక్కు చర్మం పైకెత్తి ఆకృతి సరిచేసే శస్త్రచికిత్స) మార్జినల్ కోతను, అంటే రంధ్రం లోపలి కోతను, నాసికా రంధ్రపు అంచు వెంటే పెట్టవచ్చా అని అడిగారు. దయచేసి అలా పెట్టకండి. మీ బ్లేడు నడవవలసింది లాటరల్ క్రస్ (ముక్కు కొన మృదులాస్థిలో పక్కకు సాగే భాగం) కింది అంచు వెంట. కొన దగ్గర ఈ మృదులాస్థి రంధ్రానికి చేరువగానే ఉంటుంది కానీ, పక్కకు సాగేకొద్దీ పైకి తిరిగి అంచుకు దూరమవుతుంది. ముక్కుపుటం బయటి భాగంలో చర్మం, కొవ్వు, పీచు కణజాలమే తప్ప ఆసరాగా మృదులాస్థి ఉండదు. అక్కడ అంచు మీదే కోస్తే, మచ్చ ముడుచుకుని పుటం పైకి గుంజుకుపోతుంది. కొనకు కాస్త దిగువన ఉండే సాఫ్ట్ ట్రయాంగిల్‌లోనూ మృదులాస్థి లేదు. దానిలోంచి కోత పోతే రంధ్రపు అంచులో నొక్కు పడుతుంది, దాన్ని సరిచేయడం చాలా కష్టం.

నేను డబుల్ హుక్‌తో పుటాన్ని తిప్పిపట్టి, అదే చేతి వేలితో బయటి నుంచి నొక్కుతాను. మృదులాస్థి అంచు గట్టులా పైకి తేలుతుంది. లోపలి వెంట్రుకలు ఆగిపోయే చోటు కూడా దాదాపు అదే గీతను చూపిస్తుంది. చర్మం మందంగా ఉన్నవారిలో కంటికి ఏమీ తెలియదు. అప్పుడు స్కాల్పెల్ పిడితో తడిమి చూస్తాను, స్పర్శనే ఎక్కువ నమ్ముతాను.

కొల్యుమెల్లా (రెండు రంధ్రాల మధ్య ఉండే స్తంభం) మీది కోతను అది బాగా సన్నబడే చోట, తిరగేసిన వి ఆకారంలో పెట్టండి. కింద మీడియల్ క్రస్‌ల (కొన మృదులాస్థిలో మధ్యకు ఉండే భాగాలు) ఆసరా ఉంటుంది కాబట్టి మచ్చ లోపలికి కుంగదు. అవి చర్మానికి ఆనుకునే ఉంటాయి, బ్లేడు లోతుకు పోనివ్వకండి. ఈ గీతను మత్తు ఇంజెక్షన్‌కు ముందే గీయాలి. మందు ఎక్కాక కణజాలం ఉబ్బి కొలతలు మారిపోతాయి.

సెప్టమ్ (ముక్కును లోపల రెండుగా విడదీసే గోడ) సంగతి సులువు. వంకర ముందు అంచులోనే ఉంటే ఆ అంచు దగ్గరే పెట్టే హెమిట్రాన్స్‌ఫిక్షన్ కోత, వెనక ఉంటే ఆ అంచుకు సుమారు ఒక సెంటీమీటరు వెనక్కి కిలియన్ కోత. మృదులాస్థి మీది పొర ఎత్తినప్పుడు నీలి ఛాయ గల తెల్లని మృదులాస్థి కనిపిస్తే సరైన తలంలో ఉన్నట్టే.

నాకు ఇవన్నీ బాగా అర్థమైంది శవచ్ఛేదనలో. అవకాశముంటే ముందు రంధ్రం లోపల కోత గీత గీయండి, తర్వాత చర్మం ఎత్తి అసలు అంచు ఆ గీతకు ఎంత దూరంలో ఉందో చూడండి. రెండు వైపులా చేయండి, ఒకే ముక్కులో కూడా కుడి ఎడమలు తేడాగా ఉంటాయి.