జేబు మల్టీటూల్‌కు మెరుగులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

మడిస్తే వేలెడు పొడవుండే ప్లయర్, కత్తి, కత్తెర కలిసిన మల్టీటూల్ మీద ఒడిశా సరిహద్దు పాఠకులు అడిగిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: ఇళ్లకు వైరింగ్ చేస్తుంటాను. జేబులో ఉండే చిన్న మల్టీటూల్‌కే వైరు తొడుగు ఒలిచే గాటు పెట్టుకోవచ్చా? ఎక్కడ పెట్టాలి?
– ఎలక్ట్రీషియన్, పర్లాకిమిడి

జవాబు: పెట్టుకోవచ్చు. కానీ కత్తికి వద్దు, స్క్రూడ్రైవర్‌కు అసలే వద్దు. మెలితిప్పే బలం పడే రేకులో గాటు ఉంటే పగులు అక్కడే పుడుతుంది. గోళ్లు రుద్దుకునే ఆకురాయితో మీకు పని లేకపోతే దాని అంచు మీద, మొనకూ కీలుకూ నడుమ పెట్టండి.

ముందు కొలత చూసుకోవాలి. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో ఒంటి తీగైతే రాగి మందం 1.38 మిల్లీమీటర్లు. పోగుల వైరైతే పోగుల మధ్య సందులుంటాయి కనుక ఇంకాస్త లావు. అందుకని గాటు వెడల్పు 1.7, లోతు 2 మిల్లీమీటర్లు ఉంచండి. 2.5 వైరును ఇందులో పెట్టకండి. దాని ఒంటి తీగే 1.78 ఉంటుంది, రాగి కోసుకుపోతుంది.

గట్టిపరచిన ఉక్కు మీద మామూలు నీడిల్ ఫైల్ (సన్నటి చిన్న ఆకురాయి) జారిపోతుంది. వజ్రపు పూత ఉన్న గుండ్రటిది, 1.5 మిల్లీమీటర్ల లోపు మందంది తెచ్చుకోండి. కీళ్లకు మాస్కింగ్ టేప్ చుట్టండి, లేకపోతే ఉక్కు రజను లోపల చేరి తెరిచినప్పుడల్లా గరగరలాడుతుంది. రేకును రెండు చెక్క ముక్కల మధ్య పెట్టి వైస్‌లో బిగించి, నీళ్ల చుక్క వేస్తూ తేలిక చేత్తో రాయండి. బలంగా నొక్కితే వజ్రపు పూతే రాలిపోతుంది. గాటు దిగాక ఒక పక్క నుంచి ఏటవాలుగా రాస్తే తొడుగును కోసేంత అంచు వస్తుంది.

పాత వైరు ముక్క మీద పరీక్షించండి. బొటనవేలితో వైరును గాటులోకి నొక్కి, ఒక చుట్టు తిప్పి, లాగాలి. రాగి మీద గీత పడిందంటే గాటు ఇరుకుగా ఉన్నట్టు. గీత పడిన తీగ వంచినప్పుడు అక్కడే విరుగుతుంది. పోగులు తెగితే మిగిలిన పోగుల మీద భారం పడి ఆ చోటు వేడెక్కుతుంది. ఇంకొక్కటి, ఈ పనిముట్టు పిడి కూడా లోహమే. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే దీన్ని వైరు దగ్గరికి తీసుకెళ్లండి.

బెంచ్ గ్రైండర్ మీద ఐదు నిమిషాల్లో అయిపోతుందని కొందరంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంత పల్చటి రేకు క్షణాల్లో కాలిపోయి గట్టిదనం కోల్పోతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కులో వేడికి రంగు మారడం ఆలస్యంగా కనిపిస్తుంది. ఎండుగడ్డి లాంటి లేత పసుపు రంగు తేలేసరికే నష్టం జరిగిపోయి ఉంటుంది. చేత్తో రాసేటప్పుడు కూడా రేకు వేలికి చురుక్కుమంటే నీళ్లలో ముంచండి.

ప్రశ్న: గోపాల్‌పూర్ తీరంలో పని. స్టెయిన్‌లెస్ అని కొన్నా కీళ్లలో తుప్పు వస్తోంది. కొబ్బరి నూనె వేస్తున్నాను.
– పాఠకుడు, బరంపురం

జవాబు: ఈ రకం పనిముట్లలో ఎక్కువగా వాడే 420హెచ్‌సీ ఉక్కులో క్రోమియం సుమారు 13 శాతం. పదును నిలవడానికి కర్బనం కూడా ఉంటుంది, అది కొంత క్రోమియాన్ని పట్టేసుకుంటుంది. అందుకే ఉప్పుగాలికి గిన్నెల స్టీలు నిలిచినంతగా ఇది నిలవదు. ఉప్పునీరు నిలిచిపోయే కీలులోనే తుప్పు మొదలవుతుంది.

వేడినీళ్లలో గిన్నెల సబ్బు కలిపి, అందులోనే అన్ని రేకులూ తెరిచి మూస్తూ కడగండి. మంచినీళ్లతో జాడించి పూర్తిగా ఆరబెట్టి, కీలుకు ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. పైపై తుప్పుకు నూనె తడిపిన 1000 నంబరు వాటర్ పేపర్ చాలు. కొబ్బరి నూనె మానేయండి. 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, పాతబడితే జిగురవుతుంది. దాన్ని పనస జిగురు వదిలించడానికి వాడుకోండి, ఆ పనికి భేషుగ్గా ఉంటుంది. ఆ తర్వాత మాత్రం సబ్బుతో కడిగేయాలి.

ప్రశ్న: ప్లయర్ కీలు వదులైంది. మర బిగించినా వారానికల్లా మళ్లీ వదులే. సుత్తితో కొట్టవచ్చా?
– పాఠకుడు, ఇచ్ఛాపురం

జవాబు: మీది మర కీలు కనుక సుత్తి వద్దు. మర విప్పి, దాని చుట్లనూ రంధ్రాన్నీ అసిటోన్‌తో తుడవండి. నూనె మిగిలితే తర్వాత వేసే జిగురు పట్టదు. ప్లాస్టిక్ పిడి మీద అసిటోన్ పడనివ్వకండి, కరిగిస్తుంది. మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు, అంటే థ్రెడ్‌లాకర్‌లో నీలం రకాన్ని సూది మొనతో చుట్లకే అంటించి, ప్లయర్ తేలిగ్గా తెరుచుకునేంత వరకే బిగించి, 24 గంటలు వదిలేయండి. ఎరుపు రకం కొనకండి. దాన్ని విప్పాలంటే దాదాపు 250 డిగ్రీల వేడి కావాలి, ఇంత చిన్న పనిముట్టు దానికి తట్టుకోదు.

రివెట్ కీలైతేనే సుత్తి. రివెట్ ఒక తలను ఇనుప దిమ్మ మీద ఆనించి, రెండో తలపై చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసి, తెరిచి చూసి, అవసరమైతేనే మళ్లీ వేయండి. ఎక్కువ బిగిస్తే వదులు చేయడం చాలా కష్టం.

ప్రశ్న: కళ్లజోళ్ల చిన్న మరలు జారిపోతున్నాయి. స్క్రూడ్రైవర్ మొనకు అయస్కాంతం అతికించవచ్చా?
– పాఠకురాలు, రాయగడ

జవాబు: అతికించక్కరలేదు. స్క్రూడ్రైవర్ ఉక్కే అయస్కాంతమవుతుంది. పాత స్పీకర్ అయస్కాంతం మీద మొనను ఎప్పుడూ ఒకే దిక్కుగా ఇరవైసార్లు లాగండి. వెనక్కి తెచ్చేటప్పుడు పైకెత్తి తేవాలి. చిన్న మరను పట్టుకునేంత బలం వస్తుంది. అయితే కొన్ని కళ్లజోళ్ల మరలు అయస్కాంతానికి అంటని లోహంతో చేస్తారు. వాటికి మొన మీద చిటికెడు తేనెమైనం అద్దితే మర నిలుస్తుంది.