కుక్క బండి కుట్టిన పాపకు ఏ చదువు?

ప్రశ్న: మాది కడప. బైకు సీట్లకు రెక్సిన్ కవర్లు కుట్టే షాపు నడుపుతున్నా. మా పాప ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. ఇంట్లో ముసలి పామెరేనియన్ కుక్క ఉంది, వెనక కాళ్లు సరిగా రావు. ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీకి బస్సులో తీసుకుపోవాల్సి వచ్చి, పాత ట్రాలీ బ్యాగు ఫ్రేముకు షాపులో మిగిలిన రెక్సిన్‌తో పెట్టె కుట్టి, జాలీ కిటికీ పెట్టి, పాపే చక్రాల బండి చేసింది. ఫొటోలు పంపుతున్నా. కుక్క మాత్రం అందులో ఉండనంటాది, ఒకటే గీరుడు. పాప ఇప్పుడు ఇట్లాంటివి డిజైన్ చేసే చదువే చదువుతానంటోంది. మా బావమరిది సీఎస్ఈ తప్ప ఇంకోటి వద్దంటున్నాడు. కుక్కల బండ్లు చేసేదానికి ఎవరన్నా జీతం ఇస్తారా సార్? దీనికి పేటెంటు తీసుకోవచ్చా?

జవాబు: కుక్కల బండ్లు మాత్రమే చేయించుకుని జీతమిచ్చే కంపెనీని నమ్ముకుని చదువు ఎంచుకోవద్దండీ. అట్లాంటివి మన దగ్గర బాగా తక్కువ. అంతమాత్రాన మీ బావమరిది మాటే ఖాయం చేసుకోమని కూడా చెప్పను. ఎందుకంటే మీరు పంపిన ఫొటోల్లో మూడోది, పెట్టె లోపలి వైపు తీసింది, చాలాసేపు చూశాను. జాలీ అంచును లోపలికి మడిచి, దానిమీద పైపింగు (అంచు పట్టీ) వేసి, కుట్టు బయటికి వచ్చేలా తిప్పింది. కుక్క గోరు దారంలో ఇరుక్కోకూడదని చేసిన పని అది. చెప్పకుండానే ఇది తట్టిన పిల్లకు ప్రోడక్ట్ డిజైన్ అనే చదువు, అంటే మనం వాడే వస్తువులను రూపొందించడం నేర్పేది, ఒకటుందని తెలియాలి.

మరి కుక్క ఎందుకు ఉండనంటోంది? బండిలో లోపం ఎక్కడుందో తెలిస్తే పాపకు ఏ చదువు నప్పుతుందో కూడా తెలుస్తుంది. అందుకే ముందు అది మాట్లాడుకుందాం.

ట్రాలీ బ్యాగు ఫ్రేము బట్టల కోసం పుట్టింది. చక్రాల సూట్‌కేసుకు బెర్నార్డ్ సాడో అనే అమెరికా ఆయనకు 1972లో పేటెంటు వచ్చింది. అందులో పెట్టె నాలుగు చక్రాల మీద సమంగా ఉంటుంది, పట్టీతో లాగాలి. ఇప్పుడు మనం లాగుతున్న, రెండు చక్రాలతో వెనక్కి వాల్చే పద్ధతి రాబర్ట్ ప్లాత్ అనే విమానం పైలట్ 1987లో తెచ్చింది. వాల్చితే బట్టలకు ఏమీ కాదు. కుక్కకు మాత్రం కాళ్ల కింద నేల ఏటవాలు అయిపోతుంది. రెక్సిన్ మీద గోళ్లు పట్టవు. అసలే వెనక కాళ్లలో బలం లేని కుక్క, మీరు హ్యాండిల్ వంచిన ప్రతిసారీ వెనక గోడ మీదికి జారుతుంది. అది గీరుతోంది కోపంతో కాదు, నిలదొక్కుకోవడానికి. కాబట్టి ప్లాత్‌ను వదిలి సాడో దగ్గరికి పోవాలి. నాలుగు చక్రాలు, సమమైన అడుగు, దానిమీద జారని రబ్బరు మ్యాటు.

రెండోది చక్రం సైజు. ఇది పాప ఫస్టియర్ ఫిజిక్స్‌లోనే, టార్క్ పాఠంలో ఉంది. 5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చక్రానికి సెంటీమీటరు ఎత్తు రాయి అడ్డమొస్తే, అది ఎక్కాలంటే ఆ చక్రం మీద ఉన్న బరువుకు దాదాపు 1.33 రెట్ల బలంతో లాగాలి. అదే 20 సెంటీమీటర్ల చక్రమైతే ఆ బరువులో సగం బలం కూడా అక్కర్లేదు. రాయి ఎత్తు చక్రం వ్యాసార్ధాన్ని దాటితే ఎంత లాగినా ఎక్కదు. విమానాశ్రయం నున్నటి నేలకు చేసిన చక్రాన్ని మన బస్టాండుల్లో లాగితే ఆ అదురంతా కుక్క ఒంటికే తగులుతుంది. గట్టి ప్లాస్టిక్ చక్రం చేసే చప్పుడు వేరే. పాపను ఆ లెక్క తనే కాగితం మీద చేయమనండి. జవాబు వచ్చాక మార్కెట్లో రబ్బరు చక్రాలు చూసుకోవచ్చు.

మూడోది గాలి. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఒగరుస్తూనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. నల్ల రెక్సిన్‌లో గాలి ఆడదు. ఒక్క వైపే కిటికీ ఉంటే లోపలి వేడిగాలి లోపలే తిరుగుతుంది. కడప ఏప్రిల్ ఎండలో అది ప్రమాదం. గాలితో పాటు పెట్టె సైజు కూడా చూడాలి. విమానాల్లో జంతువులను పంపే పెట్టెలకు విమానయాన కంపెనీల అంతర్జాతీయ సంఘం అయాటా నియమాలు ఉన్నాయి. పెట్టె పొడవు ఎంతుండాలంటే, ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలిచి, నేల నుంచి ముందుకాలి మోచేతి దాకా ఉన్న ఎత్తులో సగం దానికి కలపాలి. భుజాల వెడల్పుకు రెట్టింపు పెట్టె వెడల్పు. నిలబడితే తల లేదా చెవుల కొస దాకా ఎంతో, దానికి పరుపు మందం కలిపితే ఎత్తు. అంటే జంతువు లోపల నిలబడాలి, తిరగాలి, మామూలుగా పడుకోవాలి. అదే నియమాల్లో ఇంకో మాట: పెట్టెకు చక్రాలుంటే తీసేయాలి, లేదా తిరగకుండా చేయాలి. కాబట్టి చక్రాలు ఊడదీసి పెట్టేలా చేస్తే పెట్టె ఒకటి, బండి ఒకటి అవుతాయి. బస్సు మెట్లెక్కేటప్పుడు పెట్టెను రెండు చేతులతో ఎత్తుకోవచ్చు కూడా. మీకు పనికొచ్చేది నిజానికి ఇదే.

చిన్న బోనులో జంతువును కుక్కి పెట్టడం, బాధ కలిగేలా తరలించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. అందుకని కొత్త బండిని మొదట కుక్క బరువంత ఇసుక మూటతో లాగి చూడండి. తరవాతే కుక్క. ఎట్లాగూ ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీకి పోతున్నారు కదా, ఈసారి స్కెచ్ పట్టుకుపోయి అక్కడి డాక్టర్లను అడగమనండి. వెనక కాళ్లలో బలం లేని కుక్కకు పరుపు మెత్తగా ఉండాలా, గట్టిగా ఉండాలా అనేది నేను చెప్పేది కాదు, వాళ్లు చెప్పేది.

ఇక చదువు. డిజైన్‌లో డిగ్రీని బీడెస్ అంటారు, నాలుగేళ్లు. ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ పరీక్షతో ఐఐటీ హైదరాబాద్‌తో పాటు మరికొన్ని ఐఐటీల్లో, జబల్‌పూర్ ఐఐఐటీడీఎంలో చేరవచ్చు. యూసీడ్ రాయడానికి ఏ గ్రూపు ఇంటర్ అయినా సరే. ఎన్ఐడీలకు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వేరే పరీక్ష ఉంది. అహ్మదాబాద్ ఎన్ఐడీ 1961 నాటిది, మనకు అమరావతి ప్రాంతంలో ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది, అక్కడ ఇండస్ట్రియల్ డిజైన్ చెబుతారు. సీట్లు తక్కువ, పోటీ గట్టిది. అందుకే జేఈఈ మెయిన్ మానొద్దు. డిజైన్ పరీక్షలూ, జేఈఈ కూడా రాయాలి.

కర్నూలు ట్రిపుల్ ఐటీ పేరులో ‘డిజైన్ అండ్ మాన్యుఫాక్చరింగ్’ అని చూసి చాలామంది పొరబడతారు. అది జేఈఈ మెయిన్‌తో చేరే బీటెక్, బీడెస్ కాదు. అయినా మీ పాపకు నేను గట్టిగా చెప్పే రెండో దారి అదే. మెకానికల్ తీసుకుని, తరవాత సీడ్ పరీక్ష రాసి ఎండెస్‌కు, అంటే డిజైన్‌లో పీజీకి పోవచ్చు. ఐఐటీ బాంబేలో, బెంగళూరు ఐఐఎస్సీలో ఆ కోర్సు ఉంది. సీడ్‌కు సీఎస్ఈ వాళ్లూ అర్హులే కాబట్టి, మీ బావమరిది మాటే చివరికి నెగ్గినా ఈ తలుపు మూసుకుపోదు. ఆయన భయంలోనూ నిజముంది. మొదటి ఉద్యోగం జీతంలో సాఫ్ట్‌వేర్‌తో డిజైన్ చాలాసార్లు తూగదు, ఖాళీలూ తక్కువ. కానీ బండికి చేసిన ఈ ఆలోచనే వీల్‌చెయిర్‌కు, పసిపిల్లల బండికి, ఆసుపత్రి స్ట్రెచర్‌కు, లగేజికి, కారు సీటుకు పనికొస్తుంది. జీతాలు అక్కడున్నాయి. పెనుకొండ దగ్గర కియా ఉంది కదా అంటారేమో. అక్కడ కార్లు తయారవుతాయి, వాటి రూపం గీసే స్టూడియోలు కొరియాలోనూ ఇతర దేశాల్లోనూ ఉన్నాయి.

డిజైన్ కోర్సుల్లో పిల్లలు మొదటి ఏడాది తడబడేది చేతిపని దగ్గర. మీ పాపకు ఇంట్లోనే మిషను ఉంది, దాని ముందు మీరున్నారు. సెలవుల్లో కోచింగుకు పంపి ఆ అలవాటు పోగొట్టకండి. వారానికి రెండు గంటలు బొమ్మలు గీయనివ్వండి, యూసీడ్‌లో డ్రాయింగు ఉంటుంది. బండి పాత రూపం, కొత్త రూపం, మధ్యలో పనికిరానివి, అన్నీ తేదీలతో ఒక పుస్తకంలో పెట్టమనండి. ఇంకో సంగతి. ప్లాస్టిక్ క్యారియర్ చేయాలంటే అచ్చుకే లక్షలు కావాలి. పైపు వంచి, గుడ్డ కుట్టి చేసేదానికి అచ్చు అక్కర్లేదు, నాలుగు అమ్మినా నష్టం రాదు.

పేటెంటు సంగతి క్లుప్తంగా: చక్రాల పెట్టె కొత్తది కాదు కాబట్టి దానికి రాదు. చక్రాలు ఊడొచ్చే బిగింపు ఇంతవరకు ఎవరూ చేయని పద్ధతిలో చేస్తే ప్రయత్నించవచ్చు. రూపం మాత్రమే కొత్తదైతే డిజైన్ రిజిస్ట్రేషన్ వేరే ఉంది, ముందు పదేళ్లు, తరవాత ఇంకో అయిదేళ్లు పొడిగిస్తారు. ఏదైనా సరే, దరఖాస్తు వేసేదాకా వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టనివ్వకండి. బయటపడ్డ తరవాత కొత్తదని చెప్పుకోవడం కష్టం.

యూసీడ్ జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకుముందు అక్టోబరు ప్రాంతంలో మొదలవుతాయి. పాప సెకండియర్‌కు వచ్చాక దసరా నుంచే వెబ్‌సైటు చూస్తుండండి. మీరు ఓబీసీ కిందికి వస్తే తహశీల్దారు ఆఫీసులో రాష్ట్ర నమూనా కాకుండా కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ అడగండి. అది ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నదై ఉండాలి. చివరి వారంలో దాని కోసం తిరిగే తల్లిదండ్రులను ఏటా చూస్తున్నాను.