తాతయ్య బొమ్మ వేయించే ముందు

చిరంజీవి చిన్నికి, పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మ పుట్టినరోజుకి తాతయ్య బొమ్మ వేయించి ఇద్దామనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. నేనూ కొన్ని వేయించినదాన్నే కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ఒక ఆర్టిస్టు దగ్గరికి వెళ్లి ఇంకొకరి స్టైల్లో వేయమని అడగకు. ఆయన ఇదివరకు వేసినవి నీకు నచ్చితేనే వెళ్లు. ప్రకృతి దృశ్యాలు అద్భుతంగా వేసేవాళ్లకి మనిషి పోలిక పట్టడం రాకపోవచ్చు. ఫోన్లో చూసి ఊరుకోకుండా ఒక్క బొమ్మైనా ఎదురుగా నిలబడి చూడు. ముఖ్యంగా చేతులు చూడు. ముఖం బాగా కుదిరినా చేతుల దగ్గర తేలిపోయే బొమ్మలు చాలా ఉంటాయి.

అసలు కష్టమంతా ఫోటోల దగ్గరే. తాతయ్య లేరు కాబట్టి ఆర్టిస్టుకి అవే ఆధారం. ఫ్లాష్ వేసి ఎదురుగా తీసిన ఫోటోలో నీడలుండవు, ముఖం చదునుగా కనిపిస్తుంది. బొమ్మా అలాగే వస్తుంది. కిటికీ వెలుగు ఒక పక్క నుంచి పడుతున్నవి వెతుకు. మరీ దగ్గర నుంచి తీసినవాటిలో ముక్కు పెద్దదవుతుంది, అవి వద్దు. సెల్ఫీలు కొన్ని ఫోన్లలో అద్దంలోలా తిరగబడి ఉంటాయి. తాతయ్య పుట్టుమచ్చ ఎడమ చెంప మీద, పాపిట కూడా ఎడమవైపే. అవి పక్క మారాయంటే మీ అమ్మ చూడగానే 'ఏదో తేడాగా ఉందే' అంటుంది, అదేమిటో మాత్రం చెప్పలేకపోతుంది. ఒక ఫోటోలో కళ్లు, ఇంకోదాంట్లో నవ్వు తీసుకుని కలపమని కూడా అనకు. వెలుగు ఒక్కోదాంట్లో ఒక్కోవైపు నుంచి పడుతుంది కదా, ముఖం అతికించినట్టు తయారవుతుంది. ఒక్కదాన్ని అసలుగా పెట్టుకుని, మిగతావి పోలిక సరిచూసుకోవడానికి ఇవ్వు. తాతయ్య మాట్లాడబోయే ముందు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవారని కూడా చెప్పు. ఫోటోలో కనపడని మనిషి అలాంటి మాటల్లోనే ఆర్టిస్టుకి తెలుస్తాడు.

సైజు సంగతి తేలిక. పాత పేపర్లు ఆ కొలతకి కత్తిరించి గోడకి అంటించి రెండు రోజులు చూసుకో.

ఆయిల్ పెయింటింగ్ అయితే ఇప్పుడే మొదలుపెట్టించాలి. పైపైన ఆరడానికే రోజులు పడుతుంది, వార్నిష్‌కి మామూలుగా 6 నెలల నుంచి ఏడాది ఆగుతారు. ఆక్రిలిక్ గంటల్లో ఆరిపోతుంది. వాటర్ కలర్‌కి అద్దం ఉండాలి, ఎండ తగలని గోడ కావాలి.

మొహమాటపడకుండా అన్నీ కాగితం మీద రాసుకోండి. అడ్వాన్స్ ఎంత, ఎప్పటికి ఇస్తారు, మార్పులు ఎన్నిసార్లు చేస్తారు, ఫ్రేమ్ ఖర్చు ఎవరిది, కాపీలు ప్రింటు వేయించుకోవచ్చా. ఇందులో అవమానమేమీ లేదు. 1485లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఘిర్లాండయో అంతటి చిత్రకారుడితో రాసుకున్న ఒప్పందంలోనే, నీలం రంగు ఔన్సు సుమారు 4 ఫ్లోరిన్లు (అప్పటి బంగారు నాణేలు) చేసే అల్ట్రామెరీన్ అనే ఖరీదైన రకమే అయి ఉండాలనీ, చిత్రం 30 నెలల్లో అందాలనీ ఉంది.

మార్పులేవైనా స్కెచ్ దగ్గరే చెప్పెయ్. పెన్సిల్ గీత చెరిపెయ్యడం నిమిషం పని, రంగులు పడ్డాక తల కొంచెం పక్కకి తిప్పాలన్నా మళ్లీ మొదటికే వస్తుంది. స్కెచ్‌కి సరేనన్నాక మాత్రం ఆయన్ని వదిలెయ్. రోజూ ఫోన్ చేసి ఎంతవరకు వచ్చిందని అడిగితే ఆయనకీ టెన్షన్, నీకూ టెన్షన్.

ఇక సర్‌ప్రైజ్ సంగతి. అది నాకు ఇష్టం లేదు. 1954లో బ్రిటన్ ప్రధాని చర్చిల్ 80వ పుట్టినరోజుకి పార్లమెంటు సభ్యులు గ్రాహమ్ సదర్లాండ్ చేత ఆయన బొమ్మ వేయించి ఇచ్చారు. చర్చిల్‌కి అది అస్సలు నచ్చలేదు. తర్వాత ఇంట్లోవాళ్లే దాన్ని నాశనం చేయించారు. మీ అమ్మ అంతపని చెయ్యదులే గానీ, నచ్చకపోయినా నీకోసం నచ్చిందని చెప్పి, రోజూ దాన్ని చూస్తూ బాధపడుతుంది. ఆవిడకి స్కెచ్ చూపించు. పెదవుల దగ్గర ఎక్కడ తేడా వచ్చిందో నీకన్నా తనకే బాగా తెలుస్తుంది. కాదు, సర్‌ప్రైజే కావాలంటావా, నాకు పంపు. ఆయన నాకూ నాన్నే.

నా దగ్గరున్న ఫోటోలు స్కాన్ చేయించి మెయిల్ చేస్తాను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది. ఏది అసలుగా పెట్టుకోవాలో ఆర్టిస్టునే ఎంచమను.

ఇట్లు,
పెద్దమ్మ